ఇంట్లో ఎవరుంటారో చెప్పి తుపాకి అడగండి

మొన్న టీకొట్లో ఒకాయన నా పక్కన చతికిలబడి అడిగాడు, "సయా, ఇంటి కాపలాకి ఏ తుపాకి మంచిదండీ?" అని. నాకు ఒళ్లు మండిపోయింది. పని మానేసి ఇన్నేళ్లయింది. చూపు మందగించింది, వేళ్లు వంకర తిరిగాయి. ఈ ప్రశ్న మాత్రం నన్ను వదలదు. టీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. వచ్చాక కూడా కోపం తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

సయా అంటే ఈ దేశంలో మాస్టారు, పని తెలిసినవాడు. నా అసలు పేరు అప్పన్న. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు గానీ మా నోటికి ఇంకా రంగూనే. నేను ఆ ఊళ్లోనే, పజుండౌంగ్‌లో పుట్టాను. బోటాటౌంగ్‌లో రేవు గోదాముల వెనక ఉన్న తుపాకుల మరమ్మతు కొట్లో నా బతుకంతా గడిచింది. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. తుపాకి బాగుచేయడం ఆకురాయి పట్టుకున్న ఎవడికైనా వస్తుంది. కొనడానికి వచ్చినవాడి బుర్ర బాగుచేయడమే అసలు పని. అందులో నేను చాలాసార్లు ఓడిపోయాను.

మా మేనేజరు, ఆయన మీసాల ఖాతాదారులు

కొట్లన్నీ సర్కారు స్వాధీనం చేసుకున్నప్పుడు మా కొట్టూ పోయింది. గుజరాతీ యజమాని చేతిసంచితో ఓడెక్కాడు. ఆయన కుర్చీలోకి సైన్యం నుంచి దిగిన ఊ సో అనే మేనేజరు వచ్చాడు. రైఫిలు అయితే కళ్లు మూసుకుని విప్పి బిగించగలడు. ఇంట్లో పెట్టుకునే తుపాకి గురించి మాత్రం ఆయనకి తెలిసిందల్లా ఒకటే: పొడుగ్గా ఉంటే తొందరగా అమ్ముడుపోతుంది.

బయటి దేశాల నుంచి సరుకు ఆగిపోయిన రోజులవి. కొత్త తుపాకి అన్న మాటే లేదు. తెల్లవాళ్లు వదిలేసి పోయినవీ, చచ్చిపోయినవాళ్లవీ మా కొట్టుకి చేరితే వాటినే బాగుచేసి లైసెన్సు ఉన్నవాళ్లకి అమ్మేవాళ్లం. స్ప్రింగు విరిగితే పాత జీపు స్ప్రింగు పట్టీ తెచ్చి సాగగొట్టి చేసేవాణ్ణి. తూటాలు అట్ట గొట్టాలవి. మా వానలకి ఉబ్బిపోయి తుపాకిలో దిగేవి కావు. అలాంటి వాటిని సుత్తితో కొట్టి దించుదామని చూసిన మహానుభావులు కూడా నా దగ్గరికొచ్చారు. ఇంకా రెండు చేతులతో వచ్చినందుకు సంతోషించి, తిట్టి పంపించాను.

నేను మాత్రం ఎవరొచ్చినా మొదట అడిగేది, "ఇంట్లో ఎవరుంటారు?" అని. పగలు ఎవరుంటారు, మగాళ్లు కొట్టుకి పోయాక ఎవరుంటారు, ఆ ఉండే మనిషిని తీసుకురండి అనేవాణ్ణి. మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా కొలవాలి. కళ్లు మూసుకుని తుపాకి భుజానికి ఎత్తమనాలి. కళ్లు తెరిచేసరికి చూపు గొట్టం మీదుగా తిన్నగా పోతుంటే అది ఆ మనిషి తుపాకి. లేకపోతే ఎంత గొప్పదైనా వాళ్లకి అది పనికిరాదు. ఊ సోకి ఇదంతా మహా చిరాకు. "అప్పన్నా, నువ్వు తుపాకి అమ్ముతున్నావా, పెళ్లిసంబంధం చూస్తున్నావా?" అని అందరి ముందూ అరిచేవాడు.

సూరయ్య అలాంటి రోజుల్లోనే వచ్చాడు. మా వీధివాడే. పప్పుల వ్యాపారం, మనిషి నిలువెత్తు, మీసం అంతకంటే ఎత్తు. తెల్లారకముందే గోదాముకి పోతే చీకటిపడ్డాకే ఇంటికి చేరేవాడు. ఇంట్లో ఉండేది పెళ్లాం సింహాచలం, తల్లి నారాయణమ్మ. సింహాచలం సన్నగా, నా భుజం దాకా వచ్చే మనిషి.

నేను ఇరవై బోరు తుపాకి ఒకటి తీసి బల్లమీద పెట్టాను. బోరు అంకె ఎంత పెద్దదైతే గొట్టం అంత సన్నం. పొట్టి గొట్టాలు, తేలిక. కాల్చినా భుజం విరగదు.

"ఏటి సయా, పిల్లల తుపాకి సూపిస్తన్నావ్? నేనేటి, పిట్టలు కొట్టుకోడానికి ఎల్తన్నానా?" అన్నాడు.

"ఇంట్లో ఎవరుంటారు సూరయ్యా?"

"నేనుంటాను. నా ఇంట్లో ఇంకెవరుంటారు?"

"నువ్వు ఉండవు కదయ్యా. సింహాచలాన్ని ఒకసారి తీసుకురా, చెయ్యి కొలుస్తాను."

"ఆడోల్ల సెయ్యి కొలిసి తుపాకి కొంటారేటి ఎవరైనా? ఊరు నవ్వదూ!" అని పకపకా నవ్వాడు. ఊ సో కూడా నవ్వాడు. నవ్వుతూనే వెనక గదిలోంచి పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకి తెచ్చి సూరయ్య చేతిలో పెట్టాడు. వెండి పలకల మీద ఎగిరే బాతులు చెక్కి ఉన్నాయి. ఎవరో కలప వ్యాపారం చేసే తెల్లదొర బాతుల వేటకి చేయించుకున్నది. అంత పొడుగు గొట్టాలు మా పజుండౌంగ్ ఇళ్ల మెట్ల మీద పట్టుకుని తిరగాలంటే ముందు గోడ పగలగొట్టాలి. సూరయ్య అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. బేరం కుదిరిపోయింది.

గోడలకి చెవులు కాదు, మనుషులుంటారు

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవడూ వినడు. మా వీధుల్లో ఇంటికీ ఇంటికీ మధ్య చెక్క గోడ. ఇటు దగ్గితే అటు మంచినీళ్లు కావాలా అని అడుగుతారు. అలాంటి చోట పెద్ద గుళ్ల తూటా వేసి కాలిస్తే దొంగకి తగిలినా తగలకపోయినా పక్కింటి పసిపాపకి తగులుతుంది. ఇంట్లోకి సన్న గుళ్ల తూటాలు చాలు, అదీ ఏ గోడ అవతల ఎవరు పడుకుంటారో తెలిశాకే. ఇది చెప్తే, "అడివిపందిని పడగొట్టేది ఇయ్యి సయా" అంటారు. ఇంట్లోకి అడవిపంది ఎందుకొస్తుంది నాయనా?

ఇంకొందరుంటారు, "తుపాకి చూపిస్తే చాలు, పారిపోతారు" అనేవాళ్లు. ఎవడు చెప్పాడు? ఆకలితో వచ్చినవాడు పారిపోడు, తాగి వచ్చినవాడు అసలే పారిపోడు. కాల్చాల్సి వస్తే కాల్చగలనా అని ముందు నిన్ను నువ్వు అడుక్కో. లేదంటే మంచి గడియ కొనుక్కో. గడియ కొనమని నేను తిప్పి పంపినవాళ్లు చాలామంది. ఊ సో అందుకే నన్ను తిట్టేవాడు, నేను ఇప్పటికీ అదే చెప్తాను.

ఊరు తిరగబడ్డ ఏడు

తర్వాత ఊరు సర్కారు మీద తిరగబడింది. కాలేజీ పిల్లలు వీధుల్లోకి వచ్చారు, సైన్యం కాల్చింది, ఆ తర్వాత కొన్నాళ్లు సర్కారు అనేదే కనిపించకుండా పోయింది. ఆఫీసులు మూతపడ్డాయి. పోలీసులు చొక్కాలు మార్చుకుని మాయమయ్యారు. జైళ్లలోంచి దొంగల్ని వదిలారన్నారు, నీళ్లలో విషం కలుపుతున్నారన్నారు. ఏది నిజమో ఏది పుకారో చెప్పే నాథుడు లేడు. ప్రతి వీధి మొదట్లో వెదురు కంచె కట్టాం. బర్మావాళ్లూ, మేమూ, తురకలూ ఒకే కంచె వెనక కర్రలు పట్టుకుని కూర్చున్నాం. ఎవరైనా చొరబడితే పళ్లాలు, బొచ్చెలు వాయించడం గుర్తు. బతుకులో మళ్లీ అంత ఐకమత్యం చూడలేదు, అంత భయమూ చూడలేదు.

గోదాములు దోచేస్తున్నారని తెలియగానే సూరయ్య పప్పుల మూటల కాపలాకి బోటాటౌంగ్ పరిగెత్తాడు. ఇంట్లో ఇద్దరాడవాళ్లు మిగిలారు. మర్నాడు పొద్దున్నే సింహాచలం మా ఇంటికొచ్చింది. పట్టుగుడ్డలో చుట్టిన పొడుగాటి మూట చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని వచ్చింది.

"అన్నయ్యా, దీన్ని ఎలగ పట్టుకోవాలో సెప్పు. ఆయన గోదాము కాడికి ఎల్లిపోనారు. రాతిరి మా పెరటి తలుపు ఎవలో తోసినారు. అత్తకి కాల్లాడవు, ఇడిసి పారిపోలేను" అంది.

మూట విప్పాను. తుపాకి ఒంటినిండా పసుపు, కుంకుమ బొట్లు. తూటాలు పెట్టే మడత విప్పి గొట్టాలు వెలుతురుకి పెట్టి చూశాను. ఏమీ కనపడలేదు. రెండు గొట్టాల్లోనూ చీకటే.

ఇది మా వాళ్లకి తప్ప ఎవరికీ తట్టే పని కాదు. దసరాకి ఆయుధపూజలో తుపాకి పెట్టారు. బాగానే ఉంది, నేనూ నా ఆకురాళ్లకి పూజ చేస్తాను. కానీ నారాయణమ్మ రెండు గొట్టాల్లోనూ పసుపుకొమ్ము, వక్క వేసి, పసుపు ముద్దతో మూతులు మూసింది. మళ్లీ దసరా దాకా దేవుడి గదిలో ఉంచింది. అలా ఎన్ని దసరాలు గడిచాయో ఏమో, ఏటేటి వానాకాలపు ముద్ద ఒకదాని మీద ఒకటి రాయిలా గట్టిపడి ఉంది. ఆ స్థితిలో ట్రిగ్గరు నొక్కితే గొట్టం కాల్చిన మనిషి చేతిలోనే పేలుతుంది. పెరటి తలుపు తోసిన రాత్రి ఈ పిల్ల భయపడి నొక్కి ఉంటే! నాకు కోపం తన్నుకొచ్చింది. తుపాకి చంకన పెట్టుకుని వాళ్లింటికే పోయాను.

"ఏం పని ఇది పిన్నీ? కోడల్ని చంపుదామనుకున్నావా?" అని అరిచాను.

నారాయణమ్మ మంచంమీద కూర్చుని నింపాదిగా చెప్పింది. "ఒట్టి పాత్ర దేవుడి ముందల ఎట్టకూడదు కదరా అప్పన్నా. గొట్టం ఒట్టిగా ఉంటే అమ్మోరికి కోపం రాదేటి?"

"అమ్మోరికి కోపం వస్తే నేను చూసుకుంటాను. గొట్టం ఎప్పుడూ ఒట్టిగానే ఉండాలి. బొట్లు పైన పెట్టుకో, తాడు పైన కట్టుకో, లోపల మాత్రం వేలు కూడా పెట్టకు!"

"దేవుడికెట్టింది తియ్యకూడదురా…"

"తీసేత్తాం అత్తా," అంది సింహాచలం. "నేను బతికుంటే మల్లీ దసరాకి పైన ఎడతాను."

ఆ పూటంతా కడ్డీతో పొడిచి, నూనె పోసి నానబెట్టి, తవ్వి తీశాను. లోపల తుప్పు పట్టింది గానీ, అదృష్టం, గుంటలు లోతుగా లేవు. శుభ్రమయ్యాక ఆమె భుజానికి ఎత్తమన్నాను. భుజానికి ఆనాల్సిన తుపాకి మడమ చంకలోకి జారిపోయింది, వేలు ట్రిగ్గరుకి అందలేదు. ఎలా అందుతుంది? అది నిలువెత్తు దొరకి కొలిచి చేసిన కర్ర. ఆమె చెయ్యి కొలిచాను. రంపం తీశాను.

"ఆయనకి తెలిస్తే సంపేత్తారు," అంది.

"నువ్వు బతికుంటే కదా చంపడానికి," అన్నాను. బాతులు చెక్కిన దొరగారి తుపాకి మడమ నాలుగు వేళ్ల మేర కోసి పారేశాను. కోసిన చోట నున్నగా చెక్కి పాత చెప్పు తోలు మేకులతో కొట్టాను. నా వృత్తిలో ఇంతకంటే మంచి పని నేను చెయ్యలేదని ఇప్పటికీ అంటాను.

తర్వాత ఆమెకి నేర్పింది కొంచెమే. లోపలి గదిలో ఉండు. అత్తని వెనక పెట్టుకో. తలుపుకి ఎదురుగా బియ్యం బస్తాల వెనక కూర్చో. బయటివాణ్ణి పేరు అడుగు. ముందు గదిలో వస్తువులు పోతే పోనీ. లోపలి గది తలుపు తెరిస్తేనే కాల్చు, పక్కింటి గోడ వైపు మాత్రం ఎన్నడూ తిప్పకు. చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పింది. తూటా పెట్టడం, తియ్యడం పొద్దువాలే దాకా సాధన చేసింది.

నాలుగు రోజులకి సూరయ్య వచ్చాడు. పెళ్లాం ఎలా ఉందని కాదు, తుపాకి కావాలని. గోదాము దగ్గర మిగతా షావుకార్ల ముందు పట్టుకుని నిలబడాలట. మడమ చూసి కళ్లు తిరిగి పడిపోతాడనుకున్నాను.

"ఎవడ్రా కోసినోడు? దొర తుపాకి! నా తుపాకి!" అని వీధంతా వినపడేలా అరిచాడు.

నేను నోరు తెరిచేలోపు సింహాచలం తుపాకి విప్పి, తూటాలు తీసి కొంగులో వేసుకుని, ఖాళీది ఆయన చేతికిచ్చింది. "ఎత్తి సూడండి," అంది.

ఎత్తాడు. పొట్టి మడమ మీద తల వంచేసరికి బొటనవేలు పోయి ముక్కుకి కొట్టుకుంది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ కొట్టుకుంది. కంచె దగ్గర కూర్చున్న జనం చూస్తున్నారు.

"మీకు సరిపోదండి," అంది సింహాచలం. "నాకు సరిపోద్ది." తుపాకి తీసుకుని లోపలికి పోయింది. సూరయ్య ఒక వెదురుకర్ర పట్టుకుని గోదాముకి పోయాడు. నాతో మాట మానేశాడు. పీడా పోయింది.

రేడియో

వారం తిరక్కముందే, జోరువాన పడుతున్న మధ్యాహ్నం, అవతలి వీధిలో నీళ్ల తొట్టిలో విషం కలుపుతుంటే ఎవణ్ణో పట్టుకున్నారని కేక వినపడింది. కంచె దగ్గర ఉన్నవాళ్లందరం అటు పరిగెత్తాం, బుద్ధిలేని గొర్రెల్లా. అక్కడ ఎవడూ లేడు. తిరిగొచ్చేసరికి సూరయ్య ఇంటి వీధి తలుపు బద్దలై వేలాడుతోంది. లోపలికి దూకాను.

ముందు గది ఊడ్చేసి ఉంది. రేడియో లేదు, కుట్టుమిషను లేదు, ఇత్తడి బిందెలు లేవు. లోపలి గది తలుపు మీద చెయ్యి వెయ్యబోతుండగా లోపల్నుంచి గొంతు వచ్చింది.

"ఎవరు? పేరు సెప్పు!"

"నేనమ్మా, అప్పన్నని."

"అన్నయ్యా, తలుపు ముట్టుకోకు. ఏలు ట్రిగ్గరు మీదుంది." కాసేపటికి మడత విప్పిన చప్పుడు, తూటాలు బస్తా మీద పడ్డ చప్పుడు. "ఇప్పుడు రా."

బస్తాల వెనక ఆమె, ఆమె వెనక ముసలావిడ. ఇద్దరికీ గీత కూడా పడలేదు. దొంగలు తలుపు దాకా వచ్చారట, పేరు చెప్పమని ఈమె బర్మా భాషలో అరిచిందట. కాసేపు గుసగుసలాడుకుని ముందు గదిలో దొరికింది పట్టుకుని పోయారట. నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

సూరయ్య సాయంత్రం వచ్చి చేసిన మొదటి పని రేడియో ఉండే బల్ల చూడటం. "తుపాకి సేతిలో ఎట్టుకుని రేడియో ఇచ్చేసినావా? ఒక్కటి పేల్సలేకపోనావా?" అన్నాడు.

"తలుపు సందులోంచి సూసినాను. ఒకడికి ఒంటిమీద సొక్కా లేదు, డొక్కలు కనపడతన్నాయి," అంది సింహాచలం. "రేడియో కోసం ఆడ్ని సంపమంటారేటి?"

"మరి తుపాకి ఎందుకు?"

ఇక నావల్ల కాలేదు. "ఎందుకా? నీ తల్లీ నీ పెళ్లామూ ఊపిరితో ఉన్నారు కదా, అందుకు! ఇంటి కాపలా అంటే ఇంట్లో మనుషుల కాపలారా గాడిదా! రేడియోకి కాపలా కావాలంటే తాళం కొనుక్కో. ఈమె చేసినంత సరిగ్గా చేసిన ఖాతాదారు నాకు ఈ ఊళ్లో ఒక్కడు లేడు, తెలుసా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. నారాయణమ్మ మంచం మీద నుంచి, "అప్పన్నా, నువ్వు కూకో, పాపం ఆయాసం వత్తంది," అంది. కొడుకుని మాత్రం కూర్చోమనలేదు.

గుట్ట

ఆ తర్వాత సైన్యం మళ్లీ దిగింది. ఈసారి దాపరికం లేకుండా కాల్చింది. ఎంతమంది పోయారో ఎవరూ లెక్క చెప్పలేదు. మైకుల్లో ఊరంతా చాటారు, లైసెన్సు ఉన్నా లేకపోయినా ఆయుధాలన్నీ తెచ్చి అప్పగించాలని. సూరయ్య భయంతో గోదాములోనే ఉండిపోయాడు. తుపాకి సింహాచలమే మోసుకుపోయి ఇచ్చొచ్చింది.

నెల తర్వాత ఊ సో నన్ను ఒక సర్కారు షెడ్డుకి తీసుకుపోయాడు. లోపల తుపాకులు కట్టెలు పోసినట్టు పోసి ఉన్నాయి. పైన రేకు కారుతోంది, నీళ్లు వాటి మీదే పడుతున్నాయి. నేను బాగుచేసినవి ఎన్నో. ఫలానా వాళ్ల తాతది, ఫలానా మిల్లు కాపలావాడిది, చూస్తూంటే గుర్తొస్తున్నాయి. ఆ ఏడు వీధుల్లో పిల్లల్ని చంపినవి ఆ తుపాకులు కావు. చంపినవి ఎవరి భుజాన ఉన్నాయో ఊరందరికీ తెలుసు. వాటిని ఎవరూ గుట్ట పోయలేదు. ఈ మాట అప్పుడు పైకి అనలేదు, అని ఉంటే ఇది రాయడానికి మిగిలేవాణ్ణి కాను. ఇప్పుడంటున్నాను.

"సైన్యంలో ఒక పెద్దాయన ఇంటి కాపలాకి కావాలి. మంచిదొకటి ఏరు," అన్నాడు ఊ సో.

"ఆ ఇంట్లో ఎవరుంటారు?" అన్నాను.

ఆయన నాకేసి ఒక చూపు చూసి, తనే గుట్టలో చెయ్యిపెట్టాడు. వెండి బాతులు కంటపడ్డాయి. సంబరంగా లాగి భుజానికెత్తాడు. బొటనవేలు ముక్కుకి కొట్టుకుంది. "ఎవడో దరిద్రుడు దీన్ని పాడుచేశాడు," అని నా మీదకి విసిరేసి ఇంకోదాని కోసం వెతుక్కుంటూ పోయాడు.

తుపాకి నా చేతుల్లో ఉంది. చెప్పుతోలు అలాగే ఉంది. ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీకి కొత్త పసుపుతాడు, దానికి కట్టిన పసుపుకొమ్ము. సింహాచలం మెట్టినింటికి పిల్లని పంపినట్టు పసుపు పెట్టి పంపింది. లోపల కూడా పెట్టిందేమోనని నాకు భయం వేసింది. నీళ్లు కారే ఆ షెడ్డు గుమ్మంలోకి పోయి, మడత విప్పి, గొట్టాలు ఆకాశానికి ఎత్తి చూశాను.

నూనె రాసి తుడిచి ఉన్నాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు గొట్టాలూ ఒట్టివి.